కుందేళ్ళకు గూడు కడుతున్నారా?

వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు, పిల్లలకు పెంపుడు జంతువులు గుర్తొస్తాయి. కుక్కపిల్ల అంటే ఇంటి ఓనరు ఒప్పుకోడు, పిల్లి అంటే అత్తగారు ఒప్పుకోరు. ఇక మిగిలింది కుందేలు. అరవదు, మాంసం అడగదు, దూదిపింజలా ఒళ్ళో ఒదిగి కూర్చుంటుంది. అందుకే ఇప్పుడు మన కాలనీల్లో వీధికి ఒకటి రెండిళ్ళలోనైనా కుందేళ్ళు కనిపిస్తున్నాయి. అయితే ఎక్కడ కనిపిస్తున్నాయి? డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, పైన ఓ రేకుముక్క కప్పిన కోళ్ళ పంజరంలో.

మా చిల్కానగర్‌లో వెనక వీధి వాళ్ళ కుందేలు అలాగే ఉండేది. ఓ ఏప్రిల్ నెలలో ఇల్లంతా పెళ్ళికి వెళ్ళారు. గిన్నె నిండా నీళ్ళు పెట్టారు, క్యారెట్లు వేశారు, గడియ పెట్టి వెళ్ళారు. సాయంత్రం ఐదింటికి వచ్చి చూస్తే కుందేలు పక్కకు ఒరిగి, కాళ్ళు చాపుకుని ఉంది. ప్రాణం లేదు. గిన్నెలో నీళ్ళు సగానికి పైగా అలాగే ఉన్నాయి. ఆ ఇంటి అమ్మాయి ఏడో తరగతి. "నీళ్ళున్నాయి కదా ఆంటీ, మరెందుకు చచ్చిపోయింది?" అని నన్నడిగింది.

పెద్దవాళ్ళు కూడా వేసుకోవలసిన ప్రశ్నే అది. కుందేలుకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. కుక్కలా నాలుక బయటపెట్టి రొప్పి ఒళ్ళు చల్లబరుచుకునే శక్తీ అంతంత మాత్రమే. దానికున్నదల్లా ఆ పొడవాటి చెవులు. వాటిలో సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. ఒంట్లోని వేడి ఆ చెవుల్లోంచి బయటి గాలిలోకి పోతుంది. కుందేలు ఒంటి వేడి మామూలుగానే 39 డిగ్రీల దాకా ఉంటుంది. మరి బయటి గాలే 40కి చేరితే చెవులు వేడిని ఎక్కడికి పంపుతాయి చెప్పండి? హైదరాబాదులో మే నెలలో 40 దాటడం మనకు కొత్త కాదు. 1966 జూన్ 2న అయితే 45.5 డిగ్రీలు నమోదైంది. ఇక రేకు కింద ఎంతుంటుందో వేరే చెప్పాలా? అలాంటిచోట ఎన్ని నీళ్ళు పెట్టినా చాలవు.

ప్రయోగశాలల్లో జంతువుల సంరక్షణకు శాస్త్రజ్ఞులు పాటించే నియమాల్లో కుందేళ్ళ గది 16 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలని రాసి ఉంటుంది. మేము ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ వెళ్ళే దారిలో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అక్కడ ప్రయోగాలకు పెంచే జంతువులకు కూడా గది వేడిని అదుపులో ఉంచే ఏర్పాట్లుంటాయి. ప్రయోగానికి పనికొచ్చే కుందేలుకు ఏసీ, ప్రేమగా పెంచుకునే కుందేలుకు రేకుల పంజరం! బాగుంది కదూ?

మన పొలాల్లో కనిపించే చెవులపిల్లి వేరు, మనం ఇళ్ళలో పెంచుకునే కుందేలు వేరు. రెండింటినీ కుందేలు అనే అంటాం గానీ చుట్టరికమే తప్ప ఒక జాతి కావు. చెవులపిల్లి ఈ నేల మీద పుట్టింది, ఈ ఎండలకు అలవాటు పడింది. దాన్ని పట్టి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. ఇంటి కుందేలు పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. అక్కడ అవి నేలలో బొరియలు తవ్వుకుని పగలంతా చల్లగా లోపలే ఉండి, ఎండ తగ్గాక బయటికొచ్చేవి. అంటే వేడి నుంచి తప్పించుకోవడానికి వాటికి దేవుడిచ్చింది చెవులొక్కటే కాదు, బొరియ కూడా. మనం పంజరంలో పెట్టి ఆ బొరియ తీసేసుకున్నాం. గూడు కట్టడమంటే ఆ తీసుకున్నదాన్ని తిరిగివ్వడమే. నా దృష్టిలో ఇది ముద్దుకు చేసే పని కాదు, బాకీ తీర్చడం.

ఎక్కడ కట్టాలి?

మా ఇంటికి కుందేళ్ళు మేము కోరితే రాలేదు. 2019లో మా ఆడపడుచు వాళ్ళు బదిలీ మీద విశాఖపట్నం వెళ్తూ రెంటినీ మాకు అప్పగించి వెళ్ళారు. మాది నూటయాభై గజాల ఇల్లు. ముందు కాస్త వాకిలి, తూర్పు వైపు మూడున్నర అడుగుల సందు, పైన డాబా. అంతే. డాబా మీద పెడదామన్నారు మావారు. మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా ఒక్కసారి పైకి వెళ్ళి రమ్మన్నాను. వెళ్ళలేదు గానీ, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

డాబా ఎండకు కాగుతుంది. రాత్రి పదింటి దాకా ఆ వేడి వదులుతూనే ఉంటుంది. పడమటి గోడ పక్కన కూడా అంతే. కుందేలుకు పొద్దుటి ఎండ మంచిది, పదకొండు తరువాత నీడ కావాలి. అంటే తూర్పు వైపే సరైనది. మాకు తూర్పు సందు ఉండడం అదృష్టం. అయితే పక్కింటి పిన్నిగారు వచ్చి, "ఈశాన్యంలో బరువు పెడతావా తల్లీ!" అన్నారు. వాస్తు గురించి వాదించే ఓపిక నాకు లేదు. నాలుగు గజాలు దక్షిణానికి జరిపాను. ఆవిడకూ సంతోషం, కుందేళ్ళకూ జామచెట్టు నీడ.

ఎంత పెద్దది కట్టాలన్నది ఇంకో సంగతి. బ్రిటన్‌లో కుందేళ్ళ సంక్షేమం చూసే సంస్థ ఒక జతకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉండాలంటుంది. అంటే పదడుగులకు ఆరున్నర అడుగులు. నూటయాభై గజాల ఇంట్లో అంత చోటెక్కడిది? మేము చేసిందేమిటంటే, పడుకోవడానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గూడు. దాని ముందు సందులోనే పన్నెండడుగుల మేర జాలీ కట్టి తిరగడానికి చోటు. వెడల్పు లేకపోయినా పొడవుంటే వాటికి పరిగెత్తడానికి వీలవుతుంది. అది కూడా ఇవ్వలేనివాళ్ళు, అపార్టుమెంటు బాల్కనీ తప్ప వేరే దిక్కులేనివాళ్ళు, కుందేలును ఇంట్లోపలే పెంచుకోవడం నయం. కరెంటు వైర్లు మాత్రం పైకి కట్టుకోవాలి. దేన్నయినా కొరుకుతాయి.

నాచారం రోడ్డులో పాత తలుపులు, కిటికీలు బాగుచేసే వడ్రంగిని పిలిపించాను. కొలతలు చెప్తుంటే అతను నవ్వాడు. "గింత దొడ్డ చెక్క ఎందుకమ్మా? మీద రేకు ఏస్తే సరిపాయె. కుందేలే గదా!" అన్నాడు. రేకు కిందికి అరచెయ్యి చాపి చూడమన్నాను. అతని షెడ్డు పైన కూడా రేకులే. "గది నిజమేలే" అని ఊరుకున్నాడు.

పాత వేపచెక్క ఫ్రేముకు దొరికింది. ప్లైవుడ్ వద్దు. ఒక్క వానాకాలానికే ఉబ్బి పొరలు విడిపోతుంది, వాటి జిగురు కుందేళ్ళ కడుపులోకి పోతుంది. మందు పట్టించిన ప్యాకింగు చెక్కలూ అంతే. లోపలి వైపు రంగులు, వార్నిషులు వేయించకండి. జాలీ విషయంలో చాలామంది కోళ్ళ ఫారాల్లో వాడే ఆరుపలకల సన్న తీగ జాలీ కొంటారు. చవక. కానీ కుక్క పంజా విసిరితే చినిగిపోతుంది. అరంగుళం కళ్ళున్న వెల్డింగు జాలీయే మేలు. అందులోంచి పాము కూడా దూరడం కష్టం. మా వైపు అసలు శత్రువు పందికొక్కు. రాత్రికి రాత్రి గోడ కింద సొరంగం తవ్వి వస్తుంది. అందుకని నేల మీద షాబాద్ బండలు పరిపించాం. కుందేళ్ళు కింద నుంచి తవ్వుకుని బయటికి పోకుండా కూడా అవే కాపలా.

గూటి అడుగున జాలీ ఒక్కటే ఉంటే శుభ్రం చేయడం మనకు సులువే. కానీ కుందేలు పాదాలకు కుక్కకున్నట్టు మెత్తటి దిండ్లుండవు, వెంట్రుకలే. రోజంతా తీగ మీద కూర్చుంటే మడమలు పుండ్లు పడతాయి. సగం జాలీ, సగం చెక్క ఉండాలి. గడియలు రెండు పెట్టించండి, పైనొకటి కిందొకటి. పిల్లికి ఒక గడియ తీయడం వచ్చు. మన పిల్లలకు ఒక గడియ వేయడం మరిచిపోవడం వచ్చు.

మొత్తం ఖర్చు ఎంతయిందని మావారు అడిగితే ఒక మంచి గద్వాల చీర ఖరీదు అన్నాను. ఆ ఏడు చీర కొనలేదు కనుక లెక్క సరిపోయింది.

ఎండాకాలం

మార్చి మధ్యలోనే పనులు మొదలుపెట్టాలి. ఉగాది దాటాక చూద్దామనుకుంటే ఆలస్యమైనట్టే. పైకప్పుకు మంగళూరు పెంకులు దొరికితే అంతకన్నా మంచిది లేదు. లేకపోతే చెక్క మీద తాటాకు కప్పాలి. రేకు తప్పదంటే రేకుకూ చెక్కకూ మధ్య జానెడు ఖాళీ వదలండి, గాలి ఆడుతుంది. మేము సంక్రాంతికే చిక్కుడు పాదు తీసేసి బీర, దొండ పెట్టాం. ఏప్రిల్ వచ్చేసరికి దొండతీగ కప్పంతా అల్లుకుంది. కూరకు కూర, నీడకు నీడ. దగ్గర్లో గన్నేరు, ఉమ్మెత్త మొక్కలుంటే మాత్రం తీసేయండి. అవి కుందేలుకు విషం.

ఇక బొరియ సంగతి. మా అమ్మ వాళ్ళింట్లో వాడకుండా పడి ఉన్న పాత మట్టి గోలెం ఒకటి తెచ్చాను. దాన్ని పక్కకు పడుకోబెట్టి, సగం దాకా ఇసుకలో పూడ్చాను. మూతి వెడల్పుగా ఉండాలి, కుందేలు లోపలికెళ్ళి వెనక్కి తిరగగలగాలి. ఉదయం పదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు బయట ఇసుకను తడుపుతాను. మట్టి ఆ తడిని పీల్చి మెల్లగా ఆవిరి చేస్తుంటే లోపల మన మంచినీళ్ళ కుండ లాగే చల్లగా ఉంటుంది. మొదటి రెండు రోజులు వాసన చూసి వెళ్ళిపోయాయి. మూడో రోజు మధ్యాహ్నం రెండూ అందులోనే. బయటికి రెండు జతల చెవులు తప్ప ఏమీ కనిపించలేదు.

తడిపిన గోనెపట్టాలు గాలి వచ్చే వైపు కట్టి, రెండో వైపు తెరిచి ఉంచాలి. నాలుగు వైపులా కట్టేస్తే లోపల ఉక్క పట్టి మొదటికే మోసం వస్తుంది. హైదరాబాదు ఎండ పొడి ఎండ కాబట్టి తడి గోనె బాగా పనిచేస్తుంది. విజయవాడ, కాకినాడ వైపు వాళ్ళు దీన్నే నమ్ముకోకండి. అక్కడి ఉక్కకు తడి త్వరగా ఆరదు, చల్లదనం రాదు. మీకు కావలసింది గాలి. గూటికి కాస్త దూరంగా టేబుల్ ఫ్యాన్ పెట్టడం, మరీ ఉక్కగా ఉన్న రోజు మధ్యాహ్నం ఇంట్లోకి తెచ్చేయడం మంచిది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాకు పాత టవలు చుట్టి పెడితే దానికి ఆనుకుని పడుకుంటాయి. నీళ్ళకు ప్లాస్టిక్ సీసా కన్నా బరువైన మట్టి మూకుడు మంచిది. సీసాలో నీళ్ళు గంటలో కాఫీకి పనికొచ్చేంత వేడెక్కుతాయి.

గబగబా ఎగశ్వాస తీస్తూ, ముక్కు చుట్టూ తడిగా ఉండి, చెవులు ముట్టుకుంటే కాలిపోతుంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు తెచ్చి మామూలు నీళ్ళతో చెవులు తడపాలి. కంగారులో ఐసు నీళ్ళలో ముంచకండి, ఆ అదురుకే ప్రాణం పోవచ్చు. ఆ తరువాత ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. కుక్కలకు, పిల్లులకు వైద్యం చేసేవాళ్ళందరూ కుందేళ్ళను చూడరు. చూసే డాక్టరు ఎక్కడున్నారో ఎండలు రాకముందే కనుక్కుని ఉంచుకోవాలి.

వాన వచ్చాక

ఎండ పోయింది కదా అని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. కుందేలు చలిని ఓర్చుకుంటుంది, తడిని ఓర్చుకోదు. మా గూటికి రెండున్నర అడుగుల ఎత్తు కాళ్ళు పెట్టించాను. కప్పు ముందుకు అడుగు మేర చూరులా వచ్చి, వాలు వెనక్కి ఉండాలి. నైరుతి జల్లు ఏటవాలుగా కొడుతుంది కనుక ఆ వైపు టార్పాలిన్ చుట్టి పెట్టుకుని, వాన వస్తే దించడం, వెలిస్తే ఎత్తడం. దించి మరిచిపోతే మూత్రం ఘాటు లోపలే ఉండి ముక్కులు కారతాయి.

కాళ్ళ కింద, పూర్వం పాలగూటి కాళ్ళ కింద పెట్టేవాళ్ళం చూడండి, అలా నీళ్ళ గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చాలి, లేకపోతే దోమలకు మనమే పురుడు పోసినట్టు. గూటి కింద నేల మీద పొడి సున్నం చల్లితే వాసన, ఈగలు తగ్గుతాయి. వానాకాలంలో ఈగలను తేలిగ్గా తీసుకోకూడదు. కుందేలు వెనక భాగం తడిగా, మురికిగా ఉంటే అక్కడ గుడ్లు పెడతాయి. ఒక్క రోజులోనే పురుగులు ఒంట్లోకి తొలుస్తాయి. ఆ నాలుగు నెలలూ రోజుకు రెండుసార్లు తోక కింద చూడాల్సిందే. పరుపుగా వేసే వరిగడ్డి బూజు పట్టకుండా అటక మీద దాచుకోవాలి. కోత మిల్లుల రంపపు పొట్టు వద్దు, దుమ్ము ఊపిరికి అడ్డం.

2020 అక్టోబరు 13 రాత్రి ఈ వైపు ఉన్నవాళ్ళెవరూ మరిచిపోరు. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన. ఉప్పల్, రామంతాపూర్ పల్లపు కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మా సందులో మోకాలు లోతు నిలిచింది. కాళ్ళు రెండున్నర అడుగులు కనుక గూటి లోపలికి రాలేదు గానీ, అలా ఆగుతుందని ఎవరు చెప్పగలరు? కరెంటు లేదు. మావారు టార్చి పట్టుకున్నారు, నేను కూరగాయల బుట్టలో పాత దుప్పటి వేసి రెంటినీ ఎత్తుకొచ్చాను. అప్పటి నుంచి జూన్ మొదలు అక్టోబరు చివరి దాకా మూత ఉన్న బుట్ట ఒకటి వంటింటి గుమ్మం పక్కనే ఉంటుంది. దాన్ని ఎవరూ ఉల్లిపాయలకు వాడకూడదని ఇంట్లో ఆర్డరు. అన్నట్టు, కుందేలును చెవులు పట్టి ఎత్తకండి. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టి ఒంటికి ఆనించుకోవాలి.

ఆ వానల్లోనే ఇంకో విచిత్రం. రెండూ ఆడవేనని దుకాణం వాడు మా ఆడపడుచుకు చెప్పి అమ్మాడు. పసిపిల్లల్లో ఆడా మగా తేల్చడం కష్టమే, అమ్మేవాళ్ళకైతే తేల్చాలన్న పట్టింపే ఉండదు. ఏడాది గడిచినా ఏమీ జరగలేదు, మేమూ నమ్మేశాం. దసరా వెళ్ళాక ఓ ఉదయం తెల్లది నోటి నిండా గడ్డి కరుచుకుని మూలకు మోస్తోంది. సాయంత్రానికి తన ఒంటి మీది బొచ్చు తానే పీక్కుని ఆ గడ్డి మీద పరుస్తోంది. కుందేలు మోసేది నెల రోజులే. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు చెక్కపెట్టె, ముందు భాగం అరడుగు ఎత్తు గుమ్మంతో ఆ పూటే కొట్టించాం. తెల్లారేసరికి ఐదు పిల్లలు. చెవులపిల్లి పిల్లలు కళ్ళు తెరిచి, బొచ్చుతో పుడతాయి. వీటికి బొచ్చూ ఉండదు, చూపూ ఉండదు. పది రోజులకు గానీ కళ్ళు తెరవవు.

తల్లి పెట్టె దగ్గరికే పోవడం లేదని ఇంట్లో అందరికీ దిగులు. చూడవచ్చిన ప్రతివారూ "పిల్లల్ని వదిలేసింది, ఎంత రాతి గుండె!" అని, ఆవు పాలు పట్టమని సలహా. నిజానికి కుందేలు రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది. మిగతా సమయం దూరంగా ఉంటుంది, తన వాసన పట్టుకుని శత్రువు గూడు దగ్గరికి రాకుండా. పిల్లల పొట్టలు గుండ్రంగా, వెచ్చగా ఉంటే తల్లి తన పని చేసినట్టే. తల్లిని తప్పుపట్టడంలో మనకున్న తొందర ఇంకెందులోనూ ఉండదు! ఐదూ బతికాయి. ఈలోగా మగదాన్ని మాత్రం మొదటి రోజే వేరు చేయాలి. ఈనిన రోజే మళ్ళీ కట్టగలదు. అందుకే గూడు కట్టించేటప్పుడే మధ్యలో తీసి పెట్టుకునే అడ్డు పలక ఒకటి చేయించుకోవడం తెలివి. పిల్లలు పెద్దయ్యాక మగదానికి డాక్టరు చేత ఆపరేషన్ చేయించాం.

చలికాలం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మన దగ్గరి చలి కుందేలుకు లెక్క కాదు, ఆ నెలల్లోనే అవి హుషారుగా గంతులేస్తాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఈదురుగాలి తగలకుండా మూడు వైపులా గోనెపట్టా దించి, గడ్డి మందంగా వేస్తే చాలు. పొద్దున్నే ఎత్తేసి ఎండ పడనివ్వాలి. వెచ్చదనానికి బల్బు వేలాడదీస్తారు కొందరు. అక్కర్లేదు, ఎండుగడ్డి పక్కన అది ప్రమాదం.

ఆ చలి మొదలయ్యే ముందు వచ్చేది దీపావళి. కుందేలుకు ఏడాదిలో చెడ్డ రాత్రి అదే. బెదిరిన కుందేలు వెనక కాళ్ళతో తన్నుకుని తన వెన్నెముక తానే విరగ్గొట్టుకోగలదు. పైగా తాటాకు కప్పు, లోపల ఎండుగడ్డి, ఒక్క రవ్వ చాలు. ఆ సాయంత్రం చీకటి పడకముందే రెంటినీ లోపలికి తెచ్చి, రోడ్డుకు దూరంగా ఉన్న గదిలో కిటికీలు మూసి, పెట్టె మీద దుప్పటి కప్పాలి. మేము బట్టల గదిలో పెడతాం. ఖాళీ గూటిలోని గడ్డంతా తీసేసి, కప్పు మీద నాలుగు బకెట్ల నీళ్ళు పోయిస్తాను. మర్నాడు పొద్దున సందులో పడిన కాలిన కాగితం ముక్కలన్నీ ఊడ్చి, బండలు కడిగి, మందు వాసన పోయాక మధ్యాహ్నానికి వాటిని మళ్ళీ గూట్లోకి వదులుతాం.